అంచు మడత

బడి తెరవడానికి ఇంకా పది రోజులుంది.
పర్లాకిమిడి మీద ఆకాశం
గంజి ఆరని గుడ్డలా బరువుగా వేలాడుతోంది.
నా మిషను కింద నీలం గుడ్డ, నీలం గుడ్డ,
మళ్లీ నీలం గుడ్డ.

పాతికేళ్లుగా ఈ వీధి ఆడపిల్లల్ని
టేపుతోనే చదువుతున్నాను.
ముందు చెప్పులు ఇరుకవుతాయి
(ఆ కబురు పక్క కొట్టు బెహరాది).
తరవాత చేతులు. కఫ్ దాటి మణికట్టు
ఏదో అడగబోయి ఆగిపోయినట్టు బయటికొస్తుంది.
గుండెల దగ్గర కొలత తీయబోతే
భుజాలు ముందుకి వంచేసుకుంటుంది గుంట.
నేను టేపు వదులు చేసి గోడకేసి చూస్తాను.
ఇక అక్కణ్నించి కాళ్లకి పరుగు!
దసరాకి మోకాలి కిందున్న స్కర్టు
హోళీకి మోకాలి మీద.
ఆ పరుగు కాస్త నెమ్మదించాక
ఒక పొద్దున్న, ఎవరికీ చెప్పకుండా,
ఎరుపు.

నిన్న ఇతిశ్రీని తీసుకొచ్చింది వాళ్లమ్మ.
పదేళ్ల ఎనిమిది నెలలు.
పోయినేడు ప్రార్థన వరసలో అందరికన్నా పొడుగు.
"అంచు ఆరంగుళాలు వదులప్పా, పెరిగే పిల్ల" అంది.
పిల్ల గుమ్మం దిగాక గొంతు దించి
"మాఘంలో అయింది. ఏతే చంచొళ..."
ఇంత తొందరెందుకో తనకీ అర్థం కానట్టు
చీర కొంగు వేలికి చుట్టుకుంది.
"ఆపే మందుందా? ఆపితే ఇంకా పొడుగవుతుందట కదా?"

నేను డాక్టర్ని కాను.
కానీ ఎన్ని అంచులు విప్పానని!
ఎరుపు కనబడ్డాక రెండంగుళాలు, మూడు,
తొందరగా అయినవాళ్లకి ఇంకొంచెం.
ఆ తరవాత నా బ్లేడుకి పనుండదు.
"ఆస్పత్రిలో అడుగు తల్లీ" అన్నాను,
"నన్ను గుడ్డ సంగతి అడుగు."
ఆరంగుళాలు మడిస్తే ఆ బరువు
ఏడాదంతా మోకాళ్లకి కొట్టుకుంటుంది.
నాలుగే వదిలాను.
మిగిలిన పీలికతో లోపలివైపు జేబు కుట్టాను,
ఎవరికీ కనబడని జేబు,
బడిలో అవసరమైంది దాచుకోడానికి.

మా దమయంతికి పద్నాలుగు నిండి నాలుగు నెలలు.
ఇంకా లేదు.
ఎదురింటి సూరమ్మత్త పలకరింపే అది:
"ఏటే, నీ గుంట ఇంకా...?"
మాట పూర్తి చెయ్యదు, తమలపాకు పూర్తి చేస్తుంది.
ఆశా దీదీ వేళ్లు మడిచి చెప్పింది:
పన్నెండు, పదమూడు, చాలామందికి అప్పుడే.
తొమ్మిదికీ రావచ్చు, పదిహేనుకీ రావచ్చు.
పదిహేను దాటితే పెద్దాస్పత్రిలో చూపిద్దాం,
అందాకా నీ మొహంలో ఆ పంచాంగం తీసెయ్.
నాకూ పదిహేను దగ్గరే.
మా అమ్మకి ఎప్పుడో ఆవిడకే తెలీదు.
"వరదొచ్చిన ఏడు" అనేది.
మహేంద్రతనయకి వరదలు ఒకటా రెండా.

ఇవాళ రొజొ. మూడు రోజులు భూమి బయటున్నదని
నాగలి ముట్టరు ఇక్కడ.
భూమికేమో సెలవు, పిల్లలకేమో ఉయ్యాల,
నాకేమో అప్పట్లో చాప, కంచం, ఒక మూల.
ఎవరిదీ తప్పని అనను. కానీ
ఆ మూలలో బల్లి ఎన్నిసార్లు కూసిందో
ఇప్పటికీ లెక్క చెప్పగలను.

సందు చివర ఇతిశ్రీ నిలబడి ఊగుతోంది,
పాదాలకి అలతా, నోట్లో పొడ పిఠా.
వెనకనుంచి తోస్తున్నది మా పిల్ల.
ఉయ్యాల తిరిగొచ్చిన ప్రతిసారీ
ఇద్దరూ దేనికో నవ్వుతున్నారు.
నన్ను చూసి ఆపేశారు.

రాత్రి దమయంతి తనే బ్లేడు పుచ్చుకుని
పాత స్కర్టు అంచు విప్పింది.
లోపల మూడు నీలాలు:
ఎండ చూసింది, సగం చూసింది,
అసలు చూడనిది.
"ఉతికితే కలిసిపోవా అమ్మా?"
"పోవు."
"పోనీలే" అని తొడుక్కుంది.

"నిటారుగా నిలబడు" అన్నాను టేపు తీసి.
నిలబడింది.
నడినెత్తి నాకు అందలేదు.
స్టూలు తెచ్చుకున్నాను.